కొసరు బిళ్ళలు

మా కొట్టుకి పరుపుల కోసం వచ్చేవాళ్ళు ఈమధ్య పరుపు సంగతి పక్కన పెట్టి నా చేతుల సంగతి అడుగుతున్నారు. "మందు ఊరికే ఇచ్చారంటగా, పరీక్షలు ఊరికే చేశారంటగా, పైగా వాళ్ళే ఎదురు డబ్బులిచ్చారంటగా. మా చెల్లెలికీ కీళ్ళనొప్పులే, చేర్పించమంటారా?" అని. మొన్న ఒకావిడ తలగడ బేరం మధ్యలో ఆపి మరీ అడిగింది. చేర్పించమంటే సగం అబద్ధం అవుతుంది, వద్దంటే మిగతా సగం అబద్ధం అవుతుంది. ప్రతిసారీ మొదట్నుంచీ చెప్పడానికి నాకు ఓపిక లేదు, నిలబడి వినడానికి వాళ్ళకి టైము లేదు. అందుకని రాస్తున్నాను. ఆరేళ్ళ కిందట ఈ వేళ్ళతో పెన్ను పట్టుకుంటే జారి ఒళ్ళో పడేది. ఇప్పుడు పడటం లేదు, రాయడానికి అదీ ఒక కారణమే.

నా పేరు ఖాసింబీ. బెజవాడ వన్‌టౌన్‌లో మాది పరుపుల కొట్టు. మా ఆయన మస్తాన్ దూది ఏకి నింపుతాడు, నేను దబ్బనంతో కుడతాను. దబ్బనమంటే జానెడు పొడుగుండే సూది, దాన్ని పరుపులో ఈ వైపు నుంచి ఆ వైపుకి తోసి, దారం లాగి, బిగించి ముడి వెయ్యాలి. వేళ్ళలో సత్తువ లేకపోతే ఆ పని కాదు. బేరం మాత్రం మా అత్తదే. దూది తూకం వేసి సంచిలో పోశాక పైనుంచి ఒక గుప్పెడు వేస్తుంది. అది కొసరు. అడిగినవాళ్ళకీ వేస్తుంది, అడగడానికి మొహమాటపడేవాళ్ళకీ వేస్తుంది. కొసరు వెయ్యని కొట్టు మెట్టు ఎక్కకూడదని ఆవిడ నమ్మకం.

నాకూ బేరాలంటే ప్రాణం. ఒకటి కొంటే ఒకటి ఉచితం అని బోర్డు పెడితే చాలు, అక్కర్లేని సబ్బులు కూడా తెచ్చి బీరువాలో పెట్టేదాన్ని. ఈ గుణం గురించి ముందే ఎందుకు చెబుతున్నానంటే, నేను ఆ ఆస్పత్రి మెట్లు ఎక్కింది సగం నొప్పితో, సగం ఈ గుణంతో.

1999, వానాకాలం

ఆ ఏడు ముసురు పట్టిన రోజుల్లో మొదలైంది. పొద్దున లేచేసరికి వేళ్ళు బిర్రబిగుసుకుని ఉండేవి. వేణ్ణీళ్ళలో పెట్టి కాసేపు కూచుంటే గానీ పిడికిలి ముడుచుకునేది కాదు. చెమ్మ వల్లలే అనుకున్నాను. వానలు పోయాయి, నొప్పి పోలేదు. తడిబట్ట పిండలేను, జాకెట్టు హుక్కు పెట్టుకోలేను. ఒకరోజు దబ్బనం చేతిలోంచి జారి కాలి మీద గుచ్చుకుంది. నెత్తురు చూసి నేను ఏడవలేదు గానీ, వంగి ఆ దబ్బనాన్ని తీసుకోబోతే వేళ్ళకి అందలేదు చూడండి, అప్పుడు ఏడ్చాను.

వీధి చివర డాక్టరు సూది మందు వేస్తే వారం రోజులు ప్రాణం లేచొచ్చేది, తర్వాత రెట్టింపు నొప్పి. బిళ్ళలు మింగి మింగి కడుపులో మంట. ఎవరు ఏ ఊళ్ళో ఏ పసరు ఉందంటే అక్కడికి మా ఆయన తీసుకెళ్ళాడు. మైలవరం నుంచి బూరుగుదూది తెచ్చే ఆయన ఏదో ఆకు తెచ్చిచ్చాడు, కట్టు కడితే చర్మం ఊడింది గానీ నొప్పి ఊడలేదు.

కొట్లో నా బదులు కుట్టడానికి ఒకాయన్ని పెట్టుకున్నాం. పాపం ఆయన ఏం కుట్టినా నాకు వంకే. ముడి వదులంటాను, వరస వంకరంటాను. మా ఆయన చాలా నెలలు ఓర్చుకుని ఒకనాడు అననే అన్నాడు. "నువ్వు కుట్టలేవు, కుట్టేవాణ్ణి కుట్టనివ్వవు. కొట్టు మూసుకుందామా ఖాసింబీ?" నాకు తల కొట్టేసినట్టయింది. ఎదురుగా ఉన్న గ్లాసు విసిరికొడదామనుకున్నాను, అదీ పట్టు చిక్కలేదు. ఆయన అది చూశాడు. బయటికెళ్ళి టీ తెచ్చి, గ్లాసు తనే పట్టుకుని నా చేత తాగించాడు.

శుక్రవారం శుక్రవారం మా అత్తకి తలంటి జడ వెయ్యడం పెళ్ళయిన దగ్గర్నుంచీ నా పని. అది తిరగబడింది. చూపు సరిగా ఆనని ఆ ముసలావిడ నా వెనక పీట వేసుకుని తడుముకుంటూ చిక్కు తీసేది. "కోడలొస్తే జడ వేస్తుందనుకున్నా గానీ, జడ వేయించుకుంటుందని ఎవరూ చెప్పలేదే" అని నవ్వించబోయేది. నాకు నవ్వు వచ్చేది కాదు. నాకు కావలసింది ఒక్కటే, ఈ చేతులు నాకు రావాలి. నడుము పోయినా కుంటుకుంటూ బతుకుతాను గానీ, చేతుల్లేకుండా ఆ కొట్లో కూచోలేననిపించేది.

2003, ఎండాకాలం

నాలుగేళ్ళు అలా గడిచాక, పరుపు కొన్న ఒకాయన చెబితే బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆస్పత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ చిన్నపిల్ల. నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని ఒక్కో వేలూ, ఒక్కో కణుపూ నొక్కుతూ నా మొహం చూసింది. అన్నేళ్ళలో అలా చూసినవాళ్ళు లేరు. నేను మంచి చీర కట్టుకెళ్ళి, ఆమె ముందు వేళ్ళు చాపుకుని పెద్దమనిషిలా కూచున్నాను. "ఖాసింబీ గారూ, నా ముందు బాగున్నట్టు కూర్చోకండి. ఇంట్లో ఎలా ఉంటారో అలా చూపించండి" అంది. వేళ్ళు వదిలేశాను. వాటంతట అవే ముడుచుకుపోయాయి.

ఆ అమ్మాయే చెప్పింది, కొత్త మందు ఒకటి ఉందనీ, అది పనిచేస్తుందో లేదో చూస్తున్నారనీ. అందరినీ తీసుకోరట. వయసు ఇంతలోపు ఉండాలి, సుగరు ఉండకూడదు, ఊపిరితిత్తుల జబ్బు ఉండకూడదు, కీళ్ళ వాపు మాత్రం తగినంత ఉండాలి. నాతోపాటు వచ్చిన ఒక నూజివీడు ఆవిడకి రక్తంలో సుగరు తేలింది. ఆవిడ ఏడుస్తూ వెళ్ళిపోతుంటే నాకు జాలి వెయ్యాలి, వేసింది కూడా. దాని పక్కనే నా చోటు ఖాళీ అయిందన్న ఆశా పుట్టింది. పదిమందికి దొరకనిది అంటే చాలు, అది మంచి బేరమే అనిపిస్తుంది మనసుకి.

రక్తపరీక్షలు, ఎక్సరేలు అయ్యాక ఫైళ్ళు చూసే అమ్మాయి, కోఆర్డినేటర్ అనేవాళ్ళు ఆమెని, నవ్వుతూ బయటికొచ్చి "మీరు సెలెక్ట్ అయ్యారండీ" అంది. ఆ మాట మా కొంప ముంచింది. మా సందులో సెలెక్ట్ అవడమంటే బ్యాంకు పరీక్షకో, పోలీసు ఉద్యోగానికో. మా ఆయన దారిలో పాలకోవా కొన్నాడు. సాయంత్రానికి "మస్తాన్ గారి భార్య సెలెక్టయిందంట" అని పక్కింటివాళ్ళు వచ్చి కోవా తిని వెళ్ళారు. మా అత్త కూడా తిని, చేతులు తుడుచుకుని అడిగింది.

"మందు ఊరికేనా?"

"ఊరికే."

"పరీక్షలు?"

"అవీ ఊరికే. చార్జీలు వాళ్ళే ఇస్తారు, పనికి పోని రోజు కూలి కూడా కట్టిస్తారు."

"అంతా కొసరే" అంది అత్త. "మరి తూకం ఏదే?"

"నీకు అన్నీ బేరాలే అత్తా" అని విసుక్కున్నాను.

సంతకం పెట్టేముందు కోఆర్డినేటర్ అమ్మాయి కాగితాలన్నీ తెలుగులో చదివి వినిపించింది. కొందరికి అసలు మందు ఇస్తారు, కొందరికి అచ్చం అలాగే ఉండే, లోపల మందు లేని ఉత్తి బిళ్ళ ఇస్తారు. ఎవరికి ఏది వచ్చిందో మాకూ తెలీదు, డాక్టరమ్మకీ తెలీదు. ఇంకొకటి కూడా చదివింది. ఇష్టం లేకపోతే ఎప్పుడైనా మానెయ్యొచ్చు, తగ్గకపోతే చెప్పండి, ఎవరూ ఏమీ అనుకోరు అని. దాన్ని నేను మర్యాదకి అన్న మాటగా తీసుకున్నాను. భోజనానికి పిలిచినవాళ్ళు వడ్డిస్తూ "చాలకపోతే అడగండి" అంటారు, మనం అడుగుతామా ఏమన్నా? అలాగే అనుకున్నాను. పెన్ను వేళ్ళ మధ్య ఇరికించుకుని సంతకం పెడితే అది నా సంతకంలా లేదు.

అదే ఏడు, వానలు పడ్డాక

నాగమణి పరిచయమైంది ఆ ఆస్పత్రి బెంచీల మీదే. మొదటి రోజు అందరికీ దూరంగా చివర కూచుని, చేతులు కొంగులో దాచుకుని ఉంది. బందరు అవతల సముద్రం ఒడ్డున వాళ్ళ ఊరు. నెత్తిన తట్ట పెట్టుకుని ఇంటింటికీ చేపలమ్ముతుంది. నేను పక్కన కూచోబోతే జరిగి, "నా దగ్గర నీచు వాసనొస్తదండీ" అంది. "దూది దుమ్ముకి నా ముక్కెప్పుడో పోయింది, ఇటు జరుగు" అన్నాను. అప్పట్నుంచీ నేను అక్కనయ్యాను.

మధ్యాహ్నం టిఫిను డబ్బా మూత రాదు ఇద్దరికీ. ఆమె డబ్బాని రెండు మోచేతుల మధ్య అదిమి పట్టుకుంటే, నేను చెంచా సందులో దూర్చి ఎగదన్నేదాన్ని. మూత ఎగిరి నేలమీద పడేది, ఆ హాలంతా మా వైపు చూసేది. "మనిద్దరికీ కలిపి ఒక మంచి చెయ్యుందక్కా" అనేది నాగమణి. వాళ్ళింటి ఎండు రొయ్యల పచ్చడి, మా ఇంటి రొట్టెలు. నెలకోసారి ఆస్పత్రికి వెళ్ళడం నాకు పుట్టింటికి వెళ్ళడంలా తయారైంది. నాలుగేళ్ళుగా నా నొప్పి ఎలాంటిదో ఇంట్లోవాళ్ళకి మాటల్తో చెప్పి చెప్పి అలిసిపోయాను. ఆమెకి చెప్పక్కర్లేదు.

ప్రతినెలా కోఆర్డినేటర్ అమ్మాయి మమ్మల్ని పిలిచి, మిగిలిన బిళ్ళలు సరిచూసి, కొత్త డబ్బా ఇచ్చి, ఎలా ఉందో అడిగి రాసుకునేది. డాక్టరమ్మ మూడు నెలలకోసారి చూసేది. "నాగమణి గారూ, ఎలా ఉందండీ?" అంటే, "బాగానే ఉందండీ" అనేది నాగమణి. నన్నడిగితే, "ఏముందండీ, అలాగే ఏడ్చింది" అనేదాన్ని. మూడో నెలకి నాకు ఖాయమైపోయింది. ఆమెది అసలు మందు, నాది ఉత్తి బిళ్ళ. డాక్టరమ్మకే తెలియనిది నేను తేల్చేశాను.

నాలుగో నెలలో ఒకరోజు మంచినీళ్ళ డ్రమ్ము దగ్గర గ్లాసు పట్టుకోబోతే జారిపోయింది. నీళ్ళన్నీ నా చీర మీదే. అక్కడే చతికిలబడి ఏడ్చాను. "నాది ఉత్తిదే నాగమణీ. పదిమందిలో ఏరి మరీ నాకు ఉత్తిది ఇచ్చారు" అన్నాను. ఆమె వచ్చి నా పక్కన కూచుంది. తర్వాత తన డబ్బా మూత అక్కడున్న ఆయా చేత తీయించుకొచ్చింది. నా కొంగు చివర చాపి అందులో గుప్పెడు బిళ్ళలు పోసి ముడి వేసింది. ముడి బిగియడానికి పళ్ళతో లాగింది.

"ఏంటే ఇది?"

"కొసరక్కా. కిలో రొయ్యలకి గుప్పెడు నేనూ వేస్తా. కొసరు కాదనకూడదు" అని బందరు బస్సుకి టైమయిందంటూ వెళ్ళిపోయింది.

పళ్ళతో ఎందుకు లాగిందో నేను ఆలోచించలేదు. నా ఆలోచనంతా ఆ బిళ్ళల మీదే. సిటీ బస్సులో కూచుని కొంగుముడిని చేత్తో తడుముకుంటూ ఇల్లు చేరాను. మింగేద్దామనే చేరాను, ఆ సంగతి దాచను. తీరా చూస్తే ఆ ముడి నా వేళ్ళకి రాలేదు. ఎంత పీకినా రాలేదు. చివరికి అత్త దగ్గరికి వెళ్ళి కొంగు చాపాల్సి వచ్చింది. ఆవిడ తడిమి విప్పి, బిళ్ళలు అరచేతిలో పోసుకుని, ఇవేంటని అడిగింది. చెప్పాను.

"మింగాలనుందా?"

"ఉంది అత్తా."

అత్త కోప్పడలేదు. "ఇది కొసరు కాదే పిచ్చిదానా. కొసరు పైనుంచి వేస్తారు గానీ తూకంలోంచి తియ్యరు. ఇది ఆ పిల్ల తూకం. నీకు పోస్తే దానికి తక్కువవదూ?" అంది. బిళ్ళలన్నీ తన రుమాల్లో పోసి నా పక్కన పెట్టింది. అప్పుడు తట్టింది నాకు, వచ్చే నెల బిళ్ళలు సరిచూస్తే నాగమణివి తక్కువొస్తాయి, అడుగుతారు, ఆమె పేరు కొట్టేస్తారేమో అని. మంచి మందు ఆమె చేతిలోంచి నా మూలంగా పోతుంది.

మర్నాడు పొద్దున్నే మా ఆయనా నేనూ బందరు బస్సెక్కాం. సీట్లు లేవు. కాలువ పక్కనే రోడ్డు, కంకిపాడు దాటేదాకా నిలబడే ఉన్నాం. మా ఆయన నా వైపు అదోలా చూసి, "ఏ చేత్తో పట్టుకున్నావో చూసుకున్నావా?" అన్నాడు. చూస్తే కుడిచెయ్యి. పైన కమ్మీ పట్టుకుని ఉంది. "పడిపోతానన్న భయం, ఏదైనా పట్టిస్తుంది" అన్నాను.

వాళ్ళ ఊళ్ళో నాగమణి ఇల్లు అడిగితే వాళ్ళ ఆడబిడ్డ ఎదురొచ్చింది. "బేరానికి పోయిందా?" అని అడిగాను. "బేరమెక్కడండీ, తట్ట ఎత్తుకోలేక మానేసి రెండు నెలలవతంది" అంది. లోపల నాగమణి చాప మీద కూచుని ఉంది. మమ్మల్ని చూసి గబుక్కున కొంగు లాక్కుంది గానీ అప్పటికే నేను చూశాను. కుడి మణికట్టు ఉబ్బి, ఒక పక్కకి ఒంగిపోయి ఉంది.

"తగ్గిందన్నావు కదే" అన్నాను.

"మొదటి నెల నిజంగానే తగ్గిందక్కా. రెండో నెల తగ్గిందనుకున్నా. ఆ తర్వాత తగ్గిందని చెప్పా."

"డాక్టరమ్మ చెయ్యి పట్టుకు చూసింది కదా, మూడో నెల్లో?"

"ముందురోజు బజార్లో నొప్పి బిళ్ళలు కొని మింగొచ్చా. వాపుందే అంది. ఇదివరకటి మీద చాలా నయమండీ అన్నా."

"ఎందుకే అలా చెప్పడం?"

నాగమణి తలొంచుకుంది. "ఆ పిల్ల నాగమణి గారూ అని పిలుస్తదక్కా. నన్నెవరు గారంటారు? మందిచ్చి, చార్జీలిచ్చి, అంత మర్యాదగా అడిగితే, తగ్గలేదని మొహాన ఎట్టా అంటాం? పైగా తగ్గలేదంటే ఫెయిలయినట్టేగా, పేరు కొట్టేస్తారు."

"మరి తగ్గని మందు నాకెందుకు పోశావు?"

"మందు మంచిదే అక్కా. నా ఒళ్ళే మొండిది. నీకన్నా పనిచేస్తదేమోనని."

ఆమెని తిట్టాలని నోరు తెరిచి, పక్కన కూలబడి, ఆ మణికట్టు నా ఒళ్ళో పెట్టుకున్నాను. మా ఇద్దరికీ ఆ డబ్బా మూత రాదు కనుక మా ఆయనే తీసి, రుమాల్లో బిళ్ళలు అందులో పోసి బిగించాడు. "చెప్పకక్కా" అని ఆమె గడప దాకా బతిమాలింది. "నేను చెప్పను, నువ్వే చెబుతావు. వచ్చే నెల దాకా ఆగక్కర్లేదు, రేపే రా" అన్నాను.

వచ్చింది. చేతుల మీంచి కొంగు తీసేసి లోపలికెళ్ళింది. నేను బెంచీ మీద కూచుని తలుపు వైపే చూస్తున్నాను. ఎంతసేపటికో బయటికొచ్చి, "ఫెయిలయ్యానక్కా" అని నా భుజం మీద తల పెట్టేసింది. వెనకే డాక్టరమ్మ వచ్చింది. ఆ అమ్మాయి కళ్ళు కూడా ఎర్రబడి ఉన్నాయి. "వాపు కనపడుతూనే ఉంది. నేను ఆవిడ మాట నమ్మాను" అంది, నాతో అందో తనలో తను అనుకుందో తెలీదు. ఆ బిళ్ళలు ఆపేసి, వారానికోసారి వేసుకునే పాత మందొకటి మొదలుపెట్టింది. రెండు మూడు నెలలకి నాగమణి వేళ్ళ వాపు దిగింది. మణికట్టు మాత్రం అలా ఒంగే ఉండిపోయింది. లోపల ఎముక అరిగిపోయిందట.

2004

నాకు మాత్రం తగ్గుతోందని ఒప్పుకోక తప్పని రోజులొచ్చాయి. పొద్దున్నే పిడికిలి ముడుచుకుంటోంది. జాకెట్టు హుక్కు నేనే పెట్టుకున్నాను. ఒక శుక్రవారం మా అత్తని పీట మీద కూచోబెట్టి జడ వేశాను, వంకరగానే వచ్చింది. ఆవిడ వెనక్కి చెయ్యి పెట్టి జడ చివరి దాకా తడుముకుంది.

అంతలో వాళ్ళ లెక్క ప్రకారం నా గడువు అయిపోయింది. "థాంక్యూ అండీ" అని కోఆర్డినేటర్ అమ్మాయి ఖాళీ డబ్బా తీసేసుకుంది. మరి రేపట్నుంచి మందో అంటే, అది ఇంకా బజార్లోకి రాలేదండీ అంది. ఈ సంగతి కూడా మొదట్లో చదివే ఉంటారు, నా చెవికెక్కలేదు. నొప్పి మళ్ళీ మొదలైంది. అప్పుడు డాక్టరమ్మ నాకూ ఆ వారానికోసారి మందే రాసింది. అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించుకుంటూ వేసుకోవాలి. ఈ రోజుకీ నా చేతుల్ని నిలబెట్టింది అదే. అది ఏ మందుల షాపులోనైనా దొరుకుతుంది, ఖరీదూ ఎక్కువ కాదు. నాలుగేళ్ళు ఇంతమంది చుట్టూ తిరిగితే, చేతులు పట్టుకు చూసి అది రాసినవాళ్ళు లేకపోయారు. ఆ కొత్త మందు కోసం వెళ్ళబట్టే నాకు ఈ పాత మందు దొరికింది.

ఆ తర్వాత చాలా నెలలకి మా ఇద్దరినీ పిలిచారు. ఎవరికి ఏది ఇచ్చారో ఇప్పుడు చెప్పొచ్చట. డాక్టరమ్మ మమ్మల్ని కూచోబెట్టి, టీ తెప్పించి, అప్పుడు చెప్పింది. అసలు మందు వచ్చింది నాకు. ఉత్తి బిళ్ళలు వచ్చింది నాగమణికి.

నాగమణి కాసేపు గోడ మీద క్యాలెండరు చూస్తూ ఉంది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. "అయితే నీకు ఉత్తివి కొసరేశానా అక్కా" అంది. నేను నవ్వలేకపోయాను. అన్ని నెలలు ఆమె ఒంట్లోకి ఏమీ పోలేదు. ఉత్తి బిళ్ళ మింగి, నాకు పనికొస్తుందని ఆశపడి, అందులోంచే గుప్పెడు నాకు పెట్టింది.

ఇప్పుడు

అడిగినవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. నా చెయ్యి ఒక్కటే చూసి మంచి బేరం అనకండి. రెండో చెయ్యి బందరు అవతల ఉంది, అదీ చూడండి. నాకు ఎవరూ అన్యాయం చెయ్యలేదు, నాగమణికీ చెయ్యలేదు. చదివి వినిపించారు, మర్యాదగా చూశారు, ఇస్తామన్నవన్నీ ఇచ్చారు. ఆ పిల్ల డాక్టరమ్మ లేకపోతే నేను ఇవాళ ఇలా లేను. అలాంటివాళ్ళ దగ్గర ఎవరో ఒకరు మింగి చూడకపోతే రేపు ఎవరికీ కొత్త మందు ఉండదు, అదీ నాకు తెలుసు. చేరాలనుకుంటే చేరండి. అందరికీ దొరకదు కాబట్టి మంచిదనుకుని మాత్రం చేరకండి. అయిపోయాక మందు ఎక్కడిదని ముందే అడగండి. "ఎలా ఉందండీ" అని అడిగినప్పుడు నొప్పి ఉంటే ఉందనే చెప్పండి. అక్కడ మర్యాదకి బాగుందనడం మన చేతులారా మన చేతులు పోగొట్టుకోవడమే. తగ్గలేదన్న మాట వినడానికే వాళ్ళు డబ్బులిచ్చి మరీ పిలిచారు, అది మా ఇద్దరికీ ఆలస్యంగా అర్థమైంది.

నాగమణి ఇప్పుడు తట్ట ఎత్తదు. ఇంటి ముందే పట్టా పరిచి ఎడమచేత్తో అమ్ముతుంది, తూకం ఆడబిడ్డ వేస్తుంది. "మళ్ళీ అలాంటిదొస్తే చేరతావా?" అని ఒకసారి అడిగాను. "చేరతానక్కా. ఈసారి గుమ్మంలోనే రెండు డబ్బాలూ కలిపేసుకుందాం" అంది. నేను ఎంత చెప్పినా దానికి బుద్ధి రాదు.

నా చేతులు ఒక దారికొచ్చాక నేను మొదట కుట్టింది పరుపు కాదు. నాగమణి మణికట్టు కింద పెట్టుకోవడానికి ఒక చిన్న దిండు. ఆమె పరీక్షకని బెజవాడ వచ్చిన రోజున, కొట్లోనే కూచోబెట్టి, ఆమె చూస్తుండగానే కుట్టాను. మంచి బూరుగుదూది మా ఆయన చేత్తో తీసి పెట్టాడు. చివరి కుట్టు మిగిలుండగా మా అత్త తడుముకుంటూ లేచొచ్చి, బస్తాలోంచి ఒక గుప్పెడు తీసి ఆ సందులోంచి లోపలికి కూరింది.

నాగమణి నవ్వింది. "తూకం వెయ్యకుండానే కొసరేశావేంటి పెద్దమ్మా?"

మా అత్త ఆమె కుడిచెయ్యి వెతుక్కుని, ఆ ఒంగిన మణికట్టు మీద తన చెయ్యి పెట్టింది.

"తూకం నువ్వు ముందే ఇచ్చేశావు కదే తల్లీ" అంది.

నేను దబ్బనం గుచ్చి దారం లాగి ముడి వేశాను. బిగియడానికి కొంచెం టైము పట్టింది.